టీవీని ఇంటికి తగ్గట్టు సర్ది అమ్మండి

యాభై వేల రూపాయలు పోసి ఒక కుటుంబం గేమ్ కన్సోల్ కొంటుంది. 2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 మన దేశంలో విడుదలైనప్పుడు దాని ధర 49,990 రూపాయలు. తెచ్చి హాల్లో టీవీకి తగిలిస్తే బొమ్మ అనుకున్నట్టు రాదు. అంచులు రంపపు పళ్లలా కనిపిస్తాయి. చీకటి గదిలో జరిగే ఘట్టం సిరా ఒలికినట్టు ఉంటుంది, లేదా బూడిద చల్లినట్టు వెలవెలబోతుంది. బటన్ నొక్కిన కాసేపటికి గానీ తెర మీద ఆటగాడు కదలడు. అప్పుడు చుట్టుపక్కల నుంచి వచ్చే సలహాలు మూడే: ఖరీదైన కేబుల్ కొనమని, కన్సోల్ వాపసు ఇమ్మని, టీవీ మార్చమని. మూడూ జేబుకు చిల్లు పెట్టేవే. ఈ ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మాత్రం టీవీ మెనూలో దాగి ఉంటుంది. తయారీదారులు టీవీని షోరూమ్ వెలుతురుకు సర్ది పంపుతున్నారు, దాన్ని ఇంటికి తగ్గట్టు మార్చుకునే పని కొన్నవాళ్ల నెత్తిన వేస్తున్నారు. ఆ పని తయారీదారులే చేసి పంపాలన్నది నా వాదన.

షోరూమ్‌లో ఒకే గోడకు పది పదిహేను టీవీలు వరసగా వేలాడుతుంటాయి, పైన లైట్లు ధగధగలాడుతుంటాయి. అరనిమిషం నిలబడి చూసే మనిషి కంట పడాలంటే పక్క టీవీ కంటే ఎక్కువ మెరవాలి. 'వివిడ్', 'డైనమిక్' అనే పిక్చర్ మోడ్‌లు అందుకోసం ఉన్నవే. వాటిలో వెలుగు చివరిదాకా పెంచి ఉంటుంది, రంగులు ముదిరి ఉంటాయి, తెలుపు నీలం వైపు జరిగి ఉంటుంది. కొత్త టీవీని మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇంట్లో వాడతారా, దుకాణంలో ప్రదర్శిస్తారా అని చాలా కంపెనీలు అడుగుతాయి. ఇల్లు అని నొక్కితే కాస్త శాంతించిన మోడ్‌లోకి వెళ్తుంది గానీ షార్ప్‌నెస్ మాత్రం పెంచినది పెంచినట్టే ఉంటుంది. ఈ షార్ప్‌నెస్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పేరు విని చాలామంది దాన్ని ఇంకా పెంచుతారు. బొమ్మలో లేని వివరాన్ని అది ఎక్కడి నుంచీ తేలేదు. అంచు కనిపించిన చోటల్లా పక్కన సన్నటి తెల్ల గీత గీసి, పదునుగా ఉందన్న భ్రమ కలిగిస్తుంది. కెమెరా తీసిన దృశ్యంలో అంచులు సహజంగా మెత్తగా ఉంటాయి కాబట్టి అక్కడ కొంత చెల్లిపోతుంది. గేమ్‌లో బొమ్మ కంప్యూటర్ గీసినది. దాని అంచులు కత్తితో కోసినట్టు, దగ్గరగా చూస్తే మెట్లుమెట్లుగా ఉంటాయి. ఆ మెట్ల చుట్టూ తెల్ల గీత చేరితే రంపపు పళ్లు మరింత స్పష్టమవుతాయి. షార్ప్‌నెస్ పనిచేయకుండా ఉండే స్థానం కొన్ని టీవీల్లో సున్నా దగ్గర ఉంటుంది, మరికొన్నింటిలో స్కేలు మధ్యలో ఉంటుంది. టీవీతో ఇచ్చే పుస్తకంలో ఆ సంగతి వెతికినా దొరకడం కష్టం.

ఓవర్‌స్కాన్ ఇంకా పాత కథ. గాజు గొట్టం టీవీల కాలంలో బొమ్మ అంచులు నిలకడగా ఉండేవి కావు. అందుకని బొమ్మను తెర కంటే కాస్త పెద్దదిగా చేసి, చివరలను చట్రం కింద దాచేవారు. పల్చటి ప్యానెల్ టీవీలు వచ్చాక ఆ అవసరం పోయింది, అలవాటు పోలేదు. హెచ్‌డీఎమ్‌ఐ ద్వారా వచ్చే బొమ్మను కూడా చాలా టీవీలు కొద్దిగా సాగదీసే చూపిస్తాయి. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మను అయిదు శాతం తెగిపోయేలా సాగదీస్తే తెర మీద మిగిలేది మధ్యలోని 1824, 1026 చుక్కల భాగమే. ఆ భాగాన్ని మళ్లీ తెర నిండా పరచడానికి ప్రతి చుక్కనూ తిరిగి లెక్కగట్టాలి. దాంతో అక్షరాలు అలుక్కుపోయినట్టు అవుతాయి, మూలన ఉండే స్కోరూ మ్యాపూ సగం తెగిపోతాయి. దీన్ని ఆపే మీట చాలా టీవీల్లో ఉంటుంది. కాకపోతే ఎల్‌జీ దాన్ని 'జస్ట్ స్కాన్' అంది, శాంసంగ్ 'స్క్రీన్ ఫిట్' అంది, సోనీ 'ఫుల్ పిక్సెల్' అంది, షార్ప్ 'డాట్ బై డాట్' అంది. ఒకే పనికి ఇన్ని పేర్లు పెట్టి, ఏదీ ముందుగా ఆన్ చేయకుండా, కస్టమర్ సెట్టింగ్స్ చూసుకోలేదని అనడం న్యాయం కాదు.

బొమ్మ నాణ్యత అంటే కంటికి కనిపించేది మాత్రమే అనుకుంటాం గానీ, ఆటలో అది ఏ క్షణంలో కనిపించిందన్నది కూడా నాణ్యతే. కన్సోల్ సెకనుకు 60 ఫ్రేములు పంపితే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. కదలికను నునుపు చేసే సదుపాయం టీవీలో ఆన్ అయి ఉంటే, అది రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును ఊహించి చేరుస్తుంది. అలా ఊహించాలంటే రెండోది వచ్చేదాకా మొదటిదాన్ని పట్టుకుని ఉండాలి. కాబట్టి ఆలస్యం ఆ పద్ధతిలోనే ఉంది, ఎంత మంచి చిప్ పెట్టినా పూర్తిగా పోదు. ఇలాంటి హంగులన్నీ కలిస్తే ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటే టీవీలు ఎన్నో ఉన్నాయి. ఆ హంగులను ఆపే గేమ్ మోడ్ పెట్టగానే అదే టీవీలో ఆలస్యం 10, 20 మిల్లీసెకన్లకు దిగవచ్చు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలర్ చేతి నుంచి బ్యాటర్ దగ్గరికి చేరడానికి అర సెకను కూడా పట్టదు. క్రికెట్ గేమ్‌లో ఆ కొద్ది వ్యవధిలో అయిదో వంతుకు పైగా టీవీయే మింగేస్తే బ్యాట్ ఎప్పుడు ఊపాలో ఎవరికి తెలుస్తుంది? ఆడే పిల్లవాడు తన చేతినే అనుమానిస్తాడు. తప్పు ఎక్కడుందో కనిపించదు కాబట్టి ఈ లోపం నాకు అన్నిటికంటే అన్యాయంగా తోస్తుంది.

నలుపు, తెలుపుల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. వీడియో ప్రపంచంలో నలుపుకు 16, తెలుపుకు 235 అని అంకెలు పెట్టుకున్నారు. కంప్యూటర్ ప్రపంచంలో నలుపు 0, తెలుపు 255. కన్సోల్ ఈ రెండు పద్ధతుల్లో ఏదైనా పంపగలదు. అది ఏ లెక్కలో పంపుతోందో టీవీ కూడా అదే లెక్కలో చదవాలి. కన్సోల్ 0 నుంచి పంపి, టీవీ 16 నుంచి చదివితే ఆ మధ్య ఉన్న ముదురు ఛాయలన్నీ ఒకే నల్లటి ముద్దగా మారతాయి. సిరా ఒలికినట్టు ఉందన్న ఫిర్యాదు పుట్టేది అక్కడే. ఇటు అటైతే నలుపు బూడిద రంగవుతుంది. రెండిటికీ మందు ఒకటే: కన్సోల్‌లో ఆర్‌జీబీ రేంజ్, టీవీలో హెచ్‌డీఎమ్‌ఐ బ్లాక్ లెవెల్ ఒకదానికొకటి సరిపోవాలి. ఈ సంగతి తెలియక అందరూ బ్రైట్‌నెస్ పెంచుతారు. పోయిన ఛాయలు తిరిగి రావు సరికదా, ఉన్న నలుపు కూడా పాడవుతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. తప్పంతా టీవీ మీదికే నెడితే ఎలా, గేమ్ తక్కువ చుక్కలతో తయారైతే టీవీ ఏం చేస్తుంది అని. ఆ మాటలో నిజముంది. 2007లో వచ్చిన హేలో 3 హెచ్‌డీ గేమ్‌గానే అమ్ముడైంది. లోపల అది గీసింది 1152, 640 చుక్కల బొమ్మను, అంటే 720పీ కంటే కూడా తక్కువ. కన్సోల్ దాన్ని సాగదీసి టీవీకి పంపేది. ఇప్పటి గేముల్లో కూడా భారీ ఘట్టాలు వచ్చినప్పుడు చుక్కల సంఖ్యను తగ్గించుకుని, వేగాన్ని నిలబెట్టుకునేవి చాలా ఉన్నాయి. ఆ మెత్తదనాన్ని ఏ టీవీ సెట్టింగూ పోగొట్టలేదు. అయితే తప్పు ఎవరిదో తేల్చడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. కన్సోల్ హోమ్ స్క్రీన్ మీది అక్షరాలను చూడాలి. అవి ముత్యాల్లా ఉండి గేమ్ మాత్రమే మసకగా ఉంటే గేమ్‌దే లోపం, టీవీ జోలికి పోనక్కర్లేదు. హోమ్ స్క్రీన్ అక్షరాలు కూడా అలికినట్టు ఉంటే టీవీ బొమ్మను చెరుపుతోందని అర్థం. కేబుల్ సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. హెచ్‌డీఎమ్‌ఐలో వచ్చేది అంకెల రూపంలోని సంకేతం. కేబుల్ చెడితే మెరుపు చుక్కలు పడతాయి, బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది, లేదా అసలు రాదు. అంతేగానీ బొమ్మ మెత్తబడదు, రంగు వెలిసిపోదు.

మన ఇళ్లలో ఈ పరీక్షకు ఒక మినహాయింపు ఉంది. 32 అంగుళాల టీవీల్లో చాలావాటి మీద 'హెచ్‌డీ రెడీ' అని రాసి ఉంటుంది. ఐరోపాలో 2005లో ఆ ముద్ర పుట్టినప్పుడు పెట్టిన షరతు, తెర మీద కనీసం 720 వరసల చుక్కలు ఉండాలని. మనం కొన్న ప్యానెళ్లలో సాధారణంగా ఉన్నవి 768 వరసలు. కన్సోల్ పంపేదేమో 720 లేదా 1080 వరసలు. 720 పంపితే ప్రతి 15 వరసలను 16గా సాగదీయాలి. 1080 పంపితే ప్రతి 45 వరసలను 32లో ఇరికించాలి. ఏది పంపినా చుక్కకు చుక్క సరిపోదు, చిన్న అక్షరాలు ఎంతో కొంత దెబ్బతింటాయి. ఇది సెట్టింగ్స్‌తో పూర్తిగా పోయేది కాదని ఒప్పుకోవాలి. అలాగని ప్రతి ఒక్కరూ 4కే టీవీకి పరిగెత్తనక్కర్లేదు. 6/6 చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలదు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో ఒక్కో చుక్క దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. లెక్క వేస్తే, అయిదున్నర అడుగులు దాటి కూర్చున్నవారికి ఆ చుక్కలు విడివిడిగా కనిపించవు. మన హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య దూరం చాలా ఇళ్లలో అంతకంటే ఎక్కువే. అక్కడ కూర్చుని చూస్తే బొమ్మ బాగుండటం లేదంటే చుక్కల సంఖ్య కంటే ముందు షార్ప్‌నెస్‌ను, ఓవర్‌స్కాన్‌ను, నలుపును చూసుకోవాలి.

4కే టీవీ ఉన్నవారి కష్టం వేరు. వెనక మూడో నాలుగో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులు ఒకేలా కనిపిస్తాయి, అన్నిటి శక్తీ ఒకటి కాదు. హెచ్‌డీఎమ్‌ఐ 2.0 సెకనుకు 18 గిగాబిట్లు మోస్తుంది, 2.1 గరిష్ఠంగా 48 మోస్తుంది. పూర్తి వేగం ఒకటి రెండు పోర్టులకే ఇచ్చిన టీవీలు బోలెడు. కొన్నింటిలో ఆ మంచి పోర్టులోనే సౌండ్‌బార్ కూడా పెట్టాల్సి వస్తుంది. పైగా పోర్టు పూర్తి శక్తితో పనిచేయాలంటే మెనూలో ఒక మీట ఆన్ చేయాలి. దానికీ కంపెనీకో పేరు. దాన్ని ఆఫ్‌లో ఉంచడానికి తయారీదారులు చెప్పే కారణం కొట్టిపారేయదగ్గది కాదు. ఎక్కువ వేగపు సంకేతాన్ని ప్రకటిస్తే కొన్ని పాత పరికరాలు తికమకపడి బొమ్మే చూపించవు. కానీ కన్సోల్ తగిలించినప్పుడు తెర మీద ఒక్క ప్రశ్న అడిగితే ఆ చిక్కు తీరుతుంది, కొన్ని టీవీలు అలా అడుగుతున్నాయి కూడా. ముద్రల విషయంలో పరిస్థితి ఇంకా చెడింది. హెచ్‌డీఎమ్‌ఐ లైసెన్సులు ఇచ్చే సంస్థ 2021 చివర్లో స్పష్టం చేసిన దాని ప్రకారం 2.0 అన్న ముద్రకు ఇక చోటు లేదు, కొత్త పరికరాలన్నీ 2.1 కిందికే వస్తాయి, 2.1లో చెప్పిన కొత్త సదుపాయాలు మాత్రం ఐచ్ఛికం. ఏ సదుపాయం ఉందో తయారీదారు విడిగా చెప్పాలి. ఆ విడి సంగతి అట్టపెట్టె మీద వెతికి చదివి కొనేవారు ఎందరు?

హెచ్‌డీఆర్ ముద్ర నేతి బీరకాయ లాంటిది. కాంతి ఎక్కువగా ఉన్నచోట నిజంగా మెరిసి, చీకట్లో వివరం నిలిచే బొమ్మ అన్నది దాని అసలు ఉద్దేశం. అలాంటి బొమ్మను 1000 నిట్ల వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారుచేయడం మామూలు. చవక టీవీలు 300 నిట్ల దగ్గరే ఆగిపోతాయి. అవి హెచ్‌డీఆర్ సంకేతాన్ని అందుకుంటాయి గానీ చూపించలేవు, ఫలితంగా బొమ్మ మామూలు కంటే చీకటిగా తయారవుతుంది. అలాంటి టీవీకి కన్సోల్‌లో హెచ్‌డీఆర్‌ను ఆపేస్తేనే మంచిది. మంచి టీవీకైతే కన్సోల్‌లోనే ఉండే హెచ్‌డీఆర్ సర్దుబాటు తెరలను ఒకసారి ఓపికగా పూర్తిచేయాలి. టీవీ ఎంత వెలుగు ఇవ్వగలదో తెలిస్తే కన్సోల్ ఆ హద్దులోనే బొమ్మను గీస్తుంది.

జనానికి మెరిసే బొమ్మే ఇష్టం, వాళ్లు కోరిందే ఇస్తున్నాం అని కంపెనీలు అనవచ్చు. ఇష్టాన్ని ఎవరూ కాదనరు, కావాలనుకున్నవారు వివిడ్ పెట్టుకోవచ్చు. ఎంచుకున్నదాన్నే ఇష్టం అనాలి. ముందే పెట్టి పంపిన మోడ్‌ను మార్చడం తెలియక అలాగే ఉంచుకున్నవారి మౌనాన్ని ఇష్టంగా లెక్కగట్టకూడదు. మరో మోడ్‌లో సర్ది పంపడం కష్టం అంటారా, అది చేసి చూపించారు. 2023 మార్చి 1 నుంచి ఐరోపా సమాఖ్యలో 8కే టీవీల విద్యుత్ వాడకం మీద కఠినమైన పరిమితి వచ్చింది. పెట్టెలోంచి తీసినప్పుడు టీవీ ఏ మోడ్‌లో ఉంటే ఆ మోడ్‌లోనే కొలత. శాంసంగ్ లాంటి కంపెనీలు అమ్మకాలు మానుకోలేదు. వెలుగు తగ్గించిన ఎకో మోడ్‌లో సర్ది ఆ టీవీలను అక్కడికి పంపాయి. చట్టం అడిగితే మారే సెట్టింగ్, కొనేవాడు అడిగితే ఎందుకు మారకూడదు?

ఇప్పుడంతా ఆటోమేటిక్, కన్సోల్ ఆన్ చేయగానే టీవీ దానంతటదే గేమ్ మోడ్‌లోకి పోతుందన్నది రెండో జవాబు. 2017 నవంబర్‌లో వెలువడిన హెచ్‌డీఎమ్‌ఐ 2.1లో ఆ ఏర్పాటు ఉన్నమాట నిజం. టీవీ, కన్సోల్ రెండూ దాన్ని పాటిస్తేనే అది పనిచేస్తుంది. ప్లేస్టేషన్ 4 అలాంటి సంకేతం పంపదు, అది ఇంకా ఎన్నో ఇళ్లలో ఆడుతూనే ఉంది. పైగా గేమ్ మోడ్ ఆలస్యాన్ని తగ్గిస్తుంది గానీ షార్ప్‌నెస్‌ను సున్నా చేస్తుందన్న హామీ లేదు. సినిమా వాళ్ల అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2018 డిసెంబర్‌లో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి వీడియో చేసి, ఇంట్లో సినిమా చూసేటప్పుడు కదలికను నునుపు చేసే సదుపాయాన్ని ఆపేయండని జనాన్ని కోరారు. 2019 ఆగస్టులో 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ప్రకటన వచ్చింది. హాలీవుడ్ గొంతెత్తితే దారి దొరికింది. అక్కడ కూడా తయారీదారులు ఒక మోడ్‌ను అదనంగా చేర్చారు తప్ప మొదటి సర్దుబాటును ముట్టుకోలేదు. అసలు ఇది ఆటల పిచ్చి ఉన్న కొద్దిమంది గొడవే కదా అనేవారికి కూడా జవాబు ఇందులోనే ఉంది. ఆటలో అంచులు చెడగొట్టే షార్ప్‌నెస్ క్రికెట్ ప్రసారంలో గడ్డిని గరుకు చేస్తుంది, సినిమాలో మొహాలకు గీతలు పట్టిస్తుంది. గేమ్‌లో అది ముందుగా బయటపడుతుంది, అంతే.

మన దగ్గర టీవీకి బీఐఎస్ ముద్ర ఉంటుంది, అది భద్రతకు సంబంధించినది. నక్షత్రాల లేబుల్ ఉంటుంది, అది కరెంటుకు సంబంధించినది. బొమ్మ గురించి చెప్పే ముద్ర లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, ప్రమాణాల గురించి తెలుసుకునే హక్కు కొనేవాడికి ఇచ్చింది. ఏ పోర్టు ఎన్ని గిగాబిట్లు మోస్తుంది, తెర మీద నిజంగా ఎన్ని చుక్కలున్నాయి, హెచ్‌డీఆర్‌లో ఎన్ని నిట్లు ఇస్తుంది అన్న మూడు వివరాలు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయమని ఆ చట్టం కింద నియమం చేయవచ్చు. అంతకంటే ముందే, ఏ నియమమూ అక్కర్లేకుండా, కంపెనీలు రేపటి నుంచే చేయగలిగిన పని ఒకటుంది. కొత్త టీవీ కొంటే రెండు మూడు రోజుల్లో ఇన్‌స్టలేషన్‌కూ డెమోకూ మనిషి వస్తాడు. గోడకు బిగించి, రిమోట్ చూపించి, వైఫై కలిపి, కాగితం మీద సంతకం తీసుకుని వెళ్లిపోతాడు. ఇంట్లో కన్సోల్ ఉందా అని అతను అడగాలి. ఉంటే దాన్ని సరైన పోర్టుకు మార్చి, పోర్టు మీట ఆన్ చేసి, గేమ్ మోడ్ పెట్టి, షార్ప్‌నెస్ దించి, ఓవర్‌స్కాన్ ఆపి, రెండు వైపులా నలుపు లెక్క సరిపోయిందో చూడాలి. పది నిమిషాల పని. అందుకు అతనికి శిక్షణా, ఆ పది నిమిషాల కూలీ కంపెనీయే ఇవ్వాలి. కన్సోల్ ఏ పోర్టులో ఉందో, టీవీ ఏ మోడ్‌లో ఉందో రాయడానికి ఆ సంతకం కాగితంలో రెండు గళ్లు చేరిస్తే చాలు.